ఎవరి తరఫు చుట్టం?

పెద్దాడి పుట్టినరోజుకి ఎవర్ని పిలవాలన్న చర్చ ఒక్క మనిషి దగ్గర ఆగిపోయింది.

"గోడవతల మైకుని కూడా పిలుద్దామా?" అన్నాడు భర్త.

"మీకో దణ్ణం! ఆ ఒక్కపూటైనా చెవులకి సెలవివ్వండి," అంది భార్య.

మైకు అంటే పక్కింటావిడ. వీళ్ళు ఆ ఇంట్లోకి కొత్తగా వచ్చారు. ఆవిడ వాకిలి వెనక వీధిలో ఉంది, మధ్యలో నిలువెత్తు గోడ. ముఖం ఎవరూ చూడలేదు. గొంతు మాత్రం ఇంటిల్లిపాదికీ బాగా పరిచయం.

వీళ్ళ పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. దాని చుట్టూ కంచె, కంచెకో గేటు. ఆ గేటు కాస్త తెరిచి ఉందంటే చాలు, ఆవిడ మేడమీది కిటికీలోంచి, దోమతెర వెనకనుంచి, ఖంగుమని కేక వచ్చేది.

"ఓ అమ్మాయ్! గేటు వేసుకోండమ్మా! చంటిది తిరుగుతోంది!"

చంటిదంటే పెద్దాడి చెల్లెలు. నడక వచ్చిన దగ్గర్నుంచీ దానికి కాలు ఒకచోట నిలవదు.

"మన పిల్ల మీద మనకి లేని బెంగ ఈవిడకెందుకో!" అని అత్తగారు మూతి తిప్పేది.

సరే, మైకుని పిలవలేదు.

పుట్టినరోజు నాడు ఇల్లంతా కిటకిటలాడింది. పెరట్లో స్పీకర్లు పెట్టారు, ఒకటే పాటల హోరు. కూల్‌డ్రింకులు మోసేవాళ్ళకి అడ్డమని పూల్ గేటు బార్లా తెరిచి, మళ్ళీ పడకుండా పూలకుండీ ఆనించారు. నీళ్ళ నిండా బెలూన్లు వదిలారు. చూడముచ్చటగా ఉందని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. చంటిదాన్ని ఇంతమంది చూస్తున్నారు కదా అని ఎవరికి వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు.

పాటలు మంచి ఊపులో ఉండగా ఒకావిడ వచ్చింది. తలంతా నెరిసింది. చెప్పులు విడిచి, ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకెళ్ళి, సరిగ్గా నీళ్ళ పక్కన వేసుకుని కూర్చుంది. అందరికీ వీపు పెట్టి మరీ!

"ఎవరండీ ఆవిడ? మీ వాళ్ళేనా?" అంది భార్య.

"మా వాళ్ళకి అంత పొగరెక్కడిది? మీ వాళ్ళే అయుంటారు."

భార్య వెళ్ళి, "ఏమైనా తీసుకోండి పిన్నిగారూ," అంది.

ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. ఫోటోకి పిలిచినా లేవలేదు. పిల్లలు ఆవిడకి అప్పుడే 'మూగ మామ్మ' అని పేరు పెట్టేశారు.

కేకు వచ్చింది. అందరూ బల్ల చుట్టూ చేరి పాట అందుకున్నారు. మరిది ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

పాటయ్యి, చప్పట్లు మోగేసరికి వెనకనుంచి చంటిదాని ఏడుపు వినబడింది.

చూస్తే, మూగ మామ్మ నిలువెల్లా నీళ్ళోడుతూ, చంటిదాన్ని భుజాన వేసుకుని వీపు మీద చరుస్తోంది. చంటిది దగ్గుతోంది, ఏడుస్తోంది, చేతిలో ఎర్ర బెలూన్ మాత్రం వదల్లేదు.

"అయ్యో, కొత్త గౌను!" అంటూ అత్తగారు పరిగెత్తింది. "పసిదాన్ని పట్టుకుని నీళ్ళాటలేమిటండీ? పెద్దవారు, ఆమాత్రం తెలీదూ?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. గాలి తప్ప మాట రాలేదు. చంటిదాన్ని అందిస్తూ నీళ్ళ వైపు, దాని ఛాతీ వైపు చూపించింది. అత్తగారికి గౌను తప్ప మరేమీ కనబడలేదు.

ఆవిడ పూలకుండీని కాలితో పక్కకి తోసింది. గేటు వేసి, గడియ పడిందో లేదో లాగి చూసింది. కేకు ముక్కైనా తినకుండా వెళ్ళిపోయింది.

"చూశావా, మీ వాళ్ళ మర్యాద!" అన్నాడు భర్త.

"మళ్ళీ మా వాళ్ళంటారేమిటి!" అని భార్య విసుక్కుంది.

సాయంత్రం చుట్టాలు వెళ్ళాక వీడియో పెట్టుకుని చూశారు. పెద్దాడి ముక్కు మీద క్రీము చూసి పడీపడీ నవ్వారు. ఉన్నట్టుండి భార్య నవ్వు ఆగిపోయింది.

"వెనక్కి తిప్పండి... ఆ మూల చూడండి."

కేకు వెనక, ఆ మూలన, చంటిది బెలూన్ కోసం వంగింది. జారింది. కేక లేదు, పెద్ద చప్పుడూ లేదు. అంతమందీ పాడుతూనే ఉన్నారు. ఆవిడ కుర్చీలో లేదు, అప్పటికే నీళ్ళలో ఉంది. పాట ముగియకముందే చంటిది ఆవిడ భుజం మీద ఉంది.

భార్య చంటిదాన్ని గుండెలకి హత్తుకుని బావురుమంది. ఉన్నపళంగా డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

"నిక్షేపంలా ఉంది," అన్నాడు డాక్టరు. "నీళ్ళలోంచి తీసినవాళ్ళెవరో, వాళ్ళకి దణ్ణం పెట్టుకోండి."

పెట్టుకుందామంటే ఆవిడెవరో తెలియాలిగా! ఇటు చుట్టాలకీ ఫోన్లు చేశారు, అటు చుట్టాలకీ చేశారు. "మా వాళ్ళే!" "కాదు, మా వాళ్ళే!" అని ఇప్పుడు మొగుడూ పెళ్ళాలు పోటీ పడ్డారు. చివరికి ఎవరి తరఫూ కాదని తేలింది.

మర్నాడు పొద్దున్న చంటిది పెరటి గుమ్మంలో గంతులేస్తోంది. గోడవతలనుంచి మైకు వినబడింది. కానీ బాగా బొంగురుపోయి ఉంది.

"ఓ అమ్మాయ్! చంటిదానికి జలుబు చేయలేదు కదా?"

భార్య చేతిలో పాలగ్లాసు గుమ్మంలోనే పెట్టేసింది. పరుగున వెళ్ళి, గోడ పక్కన కుర్చీ వేసుకుని ఎక్కి, మొట్టమొదటిసారి అవతలికి తొంగి చూసింది. తల నెరిసిన మనిషి నిన్నటి బట్టలు తీగ మీద ఆరేస్తూ నవ్వుతోంది.

భార్యకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"మీరా పిన్నిగారూ! రోజూ అరిచేవారు కదా, నిన్న ఒక్క కేకైనా వేయలేదేమండీ?"

"వేయకేం తల్లీ, గొంతు పోయేదాకా అరిచాను! ఆ పాటల హోరులో మీకు వినబడితేగా! ఇక లాభం లేదని, వచ్చి కూర్చున్నాను."