గోడ మందం

"ఈ గోడ ఎంత మందం ఫాదర్?" అంటూ ద్వారకానాథ్ చర్చి గోడని పుచ్చకాయ బేరమాడేవాడిలా వేళ్ళతో కొట్టి చూశాడు.

ఫాదర్ అన్సెల్మో ముఖం వెలిగిపోయింది. చర్చి చూడవచ్చేవాళ్ళు బాత్రూం ఎక్కడని తప్ప ఆయన్ని మరో ప్రశ్న అడిగి చాలాకాలమైంది.

"మీ చెయ్యి బారుగా చాపినా అవతలికి చేరదు. రాయి, మట్టి, సున్నం. స్పెయిన్ నుంచి ఓడెక్కి వచ్చిన మా సన్యాసులు కట్టారు."

"వాళ్ళే కట్టుకున్నారా?" అడిగింది ద్వారకానాథ్ భార్య వసుంధర.

"ఈ నేల మనుషులు రాళ్ళు మోశారు, మట్టి తొక్కారు."

"మరి గోడ మీది ఆ రాతిపలక మీద సన్యాసుల పేర్లే చెక్కారేం?"

ఫాదర్ దగ్గాడు. ద్వారకానాథ్ భార్య వంక గుడ్లురిమాడు. గది ఇవ్వాల్సిన మనిషిని ఇబ్బంది పెట్టడానికి ఇదా సమయం?

గది సంగతేమిటంటే, చర్చి వెనక పాత మఠంలో అతిథులకి గదులున్నాయి. డిసెంబరు ముప్ఫై ఒకటికి ఒకే ఒక్కటి మిగిలింది. అది షికారుకొచ్చేవాళ్ళకి ఇవ్వననీ, చర్చి మీద నిజమైన శ్రద్ధ ఉన్నవాళ్ళకే ఇస్తాననీ ఫాదర్ ఫోన్లోనే తేల్చి చెప్పాడు. అందుకని హంపి వెళ్ళినప్పుడు బస్సు కూడా దిగని ద్వారకానాథ్, పెళ్ళాన్నీ కూతుర్నీ కారెక్కించుకుని, శ్రద్ధ చూపించడానికి ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం నుంచి ఇంతదూరం వచ్చాడు.

అది 1999. తొంభై తొమ్మిది పోయి రెండు సున్నాలు పడగానే కంప్యూటర్లకి మతి చెడుతుందనీ, కరెంటూ నీళ్ళూ బ్యాంకులూ ఒక్కసారే ఆగిపోతాయనీ లోకమంతా గోల. ద్వారకానాథ్‌కి మాత్రం అలాంటి భయమేమీ లేదు. ఆ మాట ఆయనే నలుగురిలోనూ చెప్పుకునేవాడు.

"పైన ఆ గోడ చూశారా? శిఖరం లేదు. గోడకే కమానులు తొలిచి గంటలు వేలాడదీశారు. అదీ స్పానిష్ పద్ధతి," అన్నాడు ఫాదర్.

"గంటలు మోగడానికి మోటారుందా?"

"లేదు. తాడు పట్టుకుని లాగడమే."

"ఆహా! ఏం శిల్పం, ఏం శిల్పం!"

వంటింట్లో కట్టెల పొయ్యి చూసి స్పెయిన్ దేశపు కళాహృదయాన్ని మెచ్చుకున్నాడు. బావీ చేదా చూసి మైమరచిపోయాడు. కరెంటు తీగ కనిపించని ప్రతి వస్తువులోనూ ఆయనకి కళ కనిపించింది.

"డాడ్, బకెట్ కూడా ఆర్కిటెక్చరేనా?" అంది కూతురు అపూర్వ. "యూ హేట్ హిస్టరీ!"

"నువ్వూరుకో తల్లీ."

ఫాదర్ కాస్త ముందుకి వెళ్ళగానే వసుంధర భర్త చొక్కా పట్టుకుని లాగింది. "ఏవండీ, మీ ఆఫీసు స్నేహితులంతా హాయిగా బీచ్‌లో బార్బెక్యూ పెట్టుకుంటుంటే మనకీ బావి కర్మేంటండీ?"

"మెల్లిగా! రామచంద్రకి ఈ ఊసు చెప్పకు. వాళ్ళు ఆల్బనీ వెళ్తున్నారట. వాసుదేవరావు వాళ్ళు బీచ్‌కి. పాండురంగ ఇల్లు కదలడట. మనం మార్గరెట్ రివర్ వెళ్తున్నామని చెప్పా."

"అబద్ధమెందుకూ?"

"పరువు వసూ, పరువు."

"ఉన్నదే అది కాస్త. జాగ్రత్తగా దాచుకోండి."

మళ్ళీ చర్చిలోకొచ్చాక ఫాదర్ బల్ల మీద కూర్చుని సూటిగా అడిగాడు. "ఈ కట్టడం మొత్తంలో మీ మనసుని పట్టుకున్నదేమిటి?"

ద్వారకానాథ్‌కి లైబ్రరీ పుస్తకం చూసి బట్టీపట్టిన కమానులూ దూలాలూ ఒక్కటీ గుర్తు రాలేదు. చేతిదాకా వచ్చిన గది చేజారిపోతోంది. చమటలు తుడుచుకుంటూ, గత్యంతరం లేక నిజం చెప్పేశాడు.

"ఇక్కడ ఏదీ దేనిమీదా ఆధారపడి లేదు ఫాదర్. రేపు లోకమంతా ఆగిపోయినా, ఇది నడుస్తుంది."

ఫాదర్ కళ్ళు చెమ్మగిల్లాయి. లేచి వచ్చి గది తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. "ఇంత లోతైన మాట మా బిషప్పు కూడా అనలేదు. క్షమించాలి, మీరు ఆ కంప్యూటర్ల గొడవకి జడిసి వచ్చారేమోనని అనుమానించాను. నిపుణులు పేపర్లో హామీ ఇచ్చాక కూడా భయమెందుకు చెప్పండి?"

"ఆ నిపుణుల మాట ఎవరు నమ్ముతారు లెండి," అన్నాడు ద్వారకానాథ్ నోరు జారి.

వసుంధరకి పొరబోయింది. నవ్వు కనపడకుండా గోడవైపు తిరిగింది.

ముప్ఫై ఒకటో తారీకు మధ్యాహ్నం బియ్యం బస్తా, కందిపప్పు, ఆవకాయ జాడీ, కొవ్వొత్తుల పెట్టెలతో చరిత్ర అధ్యయనానికి దిగారు. ఇంకా పొద్దు వాలకముందే ఫాదర్ వాళ్ళని భోజనాల గదికి తీసుకెళ్ళాడు.

"రండి, మీలాగే శ్రద్ధ గల మరి కొందరున్నారు. పరిచయం చేస్తాను."

బల్ల దగ్గర ఆల్బనీలో ఉండాల్సిన రామచంద్ర రొట్టె తుంచుకుంటున్నాడు. పక్కన బీచ్‌లో ఉండాల్సిన వాసుదేవరావు. ఆ చివర, గుడికైనా భార్య తోస్తే తప్ప వెళ్ళని పాండురంగ, ఒళ్ళో టార్చిలైటు పెట్టుకుని కూర్చున్నాడు.

పాండురంగ టార్చిలైటుని మెల్లిగా బల్ల కిందకి తోశాడు.

"ఆర్కిటెక్చరంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి సార్," అన్నాడు రామచంద్ర రొట్టెతో.

"నాకూనూ," అన్నాడు ద్వారకానాథ్ నేలతో.

"గోడ మంచి మందం," అన్నాడు పాండురంగ.

ఫాదర్ సంతోషంగా అందరి గ్లాసుల్లోనూ బావి నీళ్ళు పోశాడు.

రాష్ట్రంలో ఒక్క బల్బు కూడా ఆరదని, కరెంటు సంస్థ తరఫున పేపర్లో హామీ ఇచ్చిన నిపుణులు ఆ నలుగురే.