వద్దన్న మనిషి

"మీరు రక్తం ఇవ్వకండమ్మా."

బ్లడ్ బ్యాంకు వరండాలో ముక్కూ మొహం తెలియని మనిషి అన్న ఆ మాటకు స్కానరమ్మ ఉలిక్కిపడింది.

స్కానరమ్మ అన్నది తోటి ఉద్యోగులు పెట్టిన పేరు. సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర నిలబడి, బయటికి వెళ్లేవాళ్ల సంచులు తనిఖీ చేయడం ఆమె పని. మనిషి మొహం కంటే ముందు ఆమె కళ్లు చేతిలోని సంచీ మీదికి పోతాయి. ఇంటికి మొగుడు సరుకులు తెచ్చినా బిల్లు ఏదని అడిగే రకం.

ఆమెది అరుదైన గ్రూపు. ఎవరో చిన్నపిల్లకు గుండె ఆపరేషననీ, ఆ గ్రూపు రక్తం చేతికొస్తేగానీ డాక్టర్లు మొదలుపెట్టరనీ పొద్దున బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది.

కిందటిసారి వచ్చినప్పుడు ఒంట్లో ఐరన్ తక్కువగా ఉందని తిప్పి పంపేశారు. మాత్రలు రాసిచ్చారు. కడుపులో తిప్పుతోందని ఆమె నాలుగు రోజులకే వాటిని అటకెక్కించింది.

ఇప్పుడు ఫోన్ రాగానే మొగుడు వద్దన్నాడు. నీకే నిలబడే ఓపిక లేదు, నువ్వు ఇంకొకరికి ఇచ్చేదేంటి అన్నాడు. అతను అన్నదీ నిజమే. కానీ పసిపిల్ల అనేసరికి ఆమె మనసు ఊరుకోలేదు. ఇవ్వాలా వద్దా అని దారంతా గుంజాటన పడుతూనే వచ్చింది.

మెట్లెక్కేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని నిలబడింది. అది చూసే ఆ మనిషి బెంచీ మీంచి లేచి దగ్గరికొచ్చి ఆ మాటన్నాడు.

నలిగిన చొక్కా, మాసిన గడ్డం, నిద్రలేక ఎర్రబడ్డ కళ్లు. ఆస్పత్రికి వచ్చినవాడి చేతిలో సంచీ కూడా లేదు. స్కానరమ్మకు అక్కడే అనుమానం మొదలైంది.

ఎవరికి ఇవ్వడానికొచ్చారని అడిగాడు. ఎవరో పాపకట, గుండె ఆపరేషనట అని ముక్తసరిగా చెప్పింది.

అతను వెళ్లి బెంచీ మీద కూర్చుని నేలచూపులు చూశాడు. మళ్లీ లేచి వచ్చి, ఇంట్లో పిల్లలున్నారా అని అడిగాడు.

ఒక్కడే, రెండో తరగతి అంది. నా పిల్లల సంగతి వీడికెందుకు అనుకుంది.

"అయితే వెళ్లిపొండమ్మా. మీ మొహంలో నెత్తురు చుక్క లేదు."

స్కానరమ్మకు విషయం అర్థమైపోయింది. బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి ఎప్పుడో చెప్పింది. బ్లడ్ బ్యాంకుల చుట్టూ బ్రోకర్లు తిరుగుతుంటారట. ఊరికే ఇవ్వడానికొచ్చినవాళ్లను బెదరగొట్టి పంపేసి, తమ మనుషుల చేత రక్తం ఇప్పించి, డబ్బు కోసం పేషెంటు తాలూకు వాళ్లను పీల్చి పిప్పి చేస్తారట.

వీడు వద్దంటున్నాడంటే ఇచ్చి తీరాల్సిందే. దారంతా తేలని సంగతి అక్కడ ఇట్టే తేలిపోయింది.

లోపల టెక్నీషియన్, కళ్లు తిరగడం లాంటివేమైనా ఉన్నాయా అని అడిగింది. అబ్బే, లేవని స్కానరమ్మ కళ్లార్పకుండా అబద్ధమాడింది.

టెక్నీషియన్ ఆమె వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కను నీలం నీళ్ల సీసాలోకి వదిలింది. రక్తంలో సత్తువ ఉంటే చుక్క మునుగుతుంది, లేకపోతే తేలుతుంది. ఈ చుక్క రెండూ చేయలేదు. మధ్యలో వేలాడి వేలాడి, చివరికి బద్ధకంగా కిందికి జారింది.

"మునిగింది కదండీ," అంది స్కానరమ్మ తొందరపడుతూ.

టెక్నీషియన్ ఊగిసలాడింది. అవతల ఆపరేషన్ ఆగి ఉంది. సరే పడుకోండని మంచం చూపించింది.

"తీసుకోకండి మేడమ్." గుమ్మంలో ఆ మనిషే. "ఇందాక మెట్ల దగ్గర కళ్లు తిరిగి గోడ పట్టుకుందావిడ. నేను చూశాను."

స్కానరమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఇతను బ్రోకరండీ. వచ్చినప్పట్నుంచీ నన్ను వెళ్లగొట్టాలని చూస్తున్నాడు. ముందు ఇతన్ని బయటికి పంపించండి."

సెక్యూరిటీ గార్డు వచ్చి జబ్బ పట్టుకున్నాడు. ఎవరు నువ్వు, ఇక్కడేం పని అని గద్దించాడు. అతను చెప్పడానికి నోరు తెరిచాడు. స్కానరమ్మ వైపు చూసి, ఏమీ చెప్పకుండానే మూసుకున్నాడు. గార్డు గేటు దాకా లాక్కెళ్లి బయటికి నెట్టాడు.

పీడ విరగడైందనుకుంది స్కానరమ్మ. కానీ అతనన్న మాట టెక్నీషియన్‌ను పట్టుకుంది. ఎందుకైనా మంచిదని ఇంకో చుక్క తీసి మిషన్‌లో పెట్టింది. అంకె చూసి తల అడ్డంగా ఊపింది.

"చాలా తక్కువుందండీ. తీసుకుంటే మీరు మంచం పడతారు."

"మరి పాప?"

టెక్నీషియన్, ఈ గ్రూపుకి ఊళ్లో దొరికింది మీరొక్కరే అంది. ఆ మాట తనే పొద్దున్నే పాప నాన్నకి ఫోన్‌లో చెప్పిందట. మీరు వస్తున్నారని వినగానే ఆయన ఏడ్చేశాడట.

స్కానరమ్మకు అటకెక్కించిన మాత్రలు గుర్తొచ్చి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆయనకి నేనే చెప్పి క్షమించమని అడుగుతానంది. ఇందాకటి బ్రోకరు మీ దగ్గరికే వస్తాడు, వాడి మాట నమ్మొద్దని కూడా హెచ్చరించాలనుకుంది.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. బెంచీ ఖాళీగా ఉంది.

"పాప నాన్నగారు ఎవరండీ?" టెక్నీషియన్ గట్టిగా కేకేసింది.

గేటు అవతల, గార్డు నెట్టిన చోటే నిలబడి ఉన్న ఆ మనిషి మెల్లగా చెయ్యెత్తాడు.