పది పుల్లల కట్ట

చెవిలో తిప్పుకుందామంటే ఈ ఇంట్లో ఒక్క అగ్గిపుల్ల విడిగా దొరకదు. ఉన్నవన్నీ కోడలు పదేసి లెక్కపెట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, మనవరాలి లెక్కల కోసం కట్టలు కట్టేసింది.

రేపు టీచరు మళ్ళీ కూడికలు చేయిస్తుందట. ఈసారీ తప్పితే పిల్లని కింది క్లాసులో కూర్చోబెడతారట. నిన్న ఇరవై ఏడూ పదిహేనూ కలిపి మూడు వందల పన్నెండు అని రాసింది. మూడో క్లాసుతో చదువు ఆపేసిన నాకే అది కాస్త ఎక్కువనిపించింది.

కోడలు రెండు కట్టలూ ఏడు పుల్లలూ ఇటు, ఒక కట్టా ఐదు పుల్లలూ అటు పెట్టింది. పిల్ల విడి పుల్లల్లోంచి పది ఏరి కొత్త కట్ట కట్టింది. తర్వాత పాత కట్టలు ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఒకదాని బ్యాండు విప్పింది.

"నలభై ఒకటి," అంది.

కోడలు తల పట్టుకుంది. "నలభై రెండే. మళ్ళీ మొదటికొచ్చావు."

"నేను కరెక్టేనమ్మా. ఈ కట్టలో తొమ్మిదే ఉన్నాయి. పది లేకపోతే కట్ట ఎలా అవుతుంది? మిగిలిన రెండు విడి పుల్లల్లో ఒకటి దీన్లో కలిపేశా."

కోడలు అన్నీ విప్పి లెక్కపెట్టింది. నలభై ఒకటే.

"పదేసి నేనే కట్టానే," అని గొణిగి నావైపు తిరిగింది. "మామయ్యా, చెవి దురద తగ్గిందా?"

"తగ్గిందమ్మా," అన్నాను.

కట్ట కనబడగానే పిల్ల పది అనేస్తుందో, విప్పి చూస్తుందో తేల్చుకుందామని పొద్దున ఆ పుల్ల లాగింది నేనే. లాగినదాన్ని పారేయడం ఎందుకని చెవిలో తిప్పుకున్నాను.