బరువు మీద బిగింపు

బావ పోయిన రోజు నుంచి కదలని కారది. రేపు పొద్దున్నే అక్క పిల్లలిద్దరినీ ఎక్కించుకుని అందులోనే బయల్దేరాలి. అందుకే మెకానిక్ తమ్ముడు చీకటి పడ్డాక కూడా షెడ్డులోనే ఉండి, డ్రైవర్ వైపు ముందు చక్రానికి, దాన్ని బండికి పట్టి ఉంచే కొత్త కంట్రోల్ ఆర్మ్ వేశాడు. దాని బోల్టులను చక్రం గాల్లో ఉండగా బిగించకూడదు. బండి బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే లోపలి రబ్బరు బుష్ చిరిగి, చక్రం అదుపు తప్పుతుంది.

జాకీ దించి కిందికి దూరాడు. అంతలో పైన స్ప్రింగు కిర్రుమంది. డ్రైవర్ వైపు బెత్తెడు కుంగింది.

“అక్కా, చెప్పకుండా ఎక్కేశావేంటి?”

“బండి కుంగితే నేనెక్కినట్టేనా, నీ నోరు పడిపోను! గుమ్మంలోనే ఉన్నా కదరా.”

పాకి బయటికొచ్చి చూశాడు. సీట్లో ఎవరూ లేరు.

“ఉండు, నేనెక్కితే ఎంత కుంగుతుందో చూద్దువుగాని,” అంటూ అక్క నవ్వుకుంటూ వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది.

ఆమె కూర్చున్న వైపు బండి మెల్లగా పైకి లేచింది. అవతలి స్ప్రింగు కిర్రుమంది. ఎవరో పక్క సీట్లోకి జరిగి ఆమెకు చోటిచ్చినట్టు, ఆ వైపు బెత్తెడు కుంగింది.

అక్క నవ్వు ఆగిపోయింది. పక్క సీటు వైపు చూడకుండానే, గొంతు తగ్గించి అంది.

“బిగించరా.”