పదకొండా, పదిహేడా

అయినా తను మార్చింది మూడుసార్లేగా. మరి మిగతా నాలుగుసార్లూ ఎవరు మార్చినట్టు?

అతను కుర్చీలో వెనక్కి వాలబోయి, మెడ కలుక్కుమనడంతో ఆగాడు. తొమ్మిది రోజులుగా మెడ ఎడమవైపు తిరగడం లేదు. సోఫా మీద పడుకుంటే అంతే. ఆమె బల్ల కూడా సరిగ్గా ఎడమవైపే ఉంది. ఆమెను చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. మనిషి మొత్తం తిరిగితే చూస్తున్నట్టు లోకానికంతా తెలిసిపోతుంది.

స్క్రీన్ నిండా ఎర్రగీతలు. రాసిన ముక్కలన్నీ కలిపి యాప్‌గా కట్టే బిల్డ్ మళ్ళీ ఆగిపోయింది.

యాప్ ఒకటే. పాత సగం జావాలో ఆమె రాస్తుంది, కొత్త సగం కాట్లిన్‌లో అతను రాస్తాడు. ఆ రాతని మెషీన్‌కి అర్థమయ్యేట్టు మార్చే కంపైలర్ ఎవరిది వారిదే. తయారైన కోడ్ ఏ వెర్షన్ మీద నడవాలో చెప్పే అంకె మాత్రం రెండు చోట్లా ఒకటే ఉండాలి. ఒకచోట పదిహేడు, ఇంకోచోట పదకొండు ఉన్నాయంటే కంపైలర్లు రెండూ ఎడమొహం పెడమొహం పెట్టుకుంటాయి, బిల్డ్ చతికిలబడుతుంది. తొమ్మిది రోజుల్లో ఇలా ఏడుసార్లయింది. బిల్డ్ మెషీన్‌కి అందరిదీ ఒకటే లాగిన్ కాబట్టి, మార్చిందెవరో ఎక్కడా రాసి ఉండదు.

మొదటిసారి అతనికి చెయ్యి జారింది. ఆమె లేచి వచ్చి కుర్చీ పక్కన నిలబడి, “అంకె చూసుకోవద్దా మీరు?” అంది. ఆ ఒక్క ముక్క కోసం రెండోసారి మనసు జారింది. మూడోసారి ఏదీ జారలేదు, శుభ్రంగా ఆలోచించే చేశాడు. పని మాట తప్ప ఆమె అతనితో ఇంకో మాట మాట్లాడదు. అతనికీ నోరు పెగలదు. ముందు పలకరించినవాళ్ళు ఓడిపోయినట్టేనని, ఎవరూ చెప్పకుండానే ఇద్దరికీ తెలుసు.

“ఈ తలనొప్పికి ఐదింటికల్లా శాశ్వతంగా మందు వెయ్యాలి.”

మేనేజరు. నెల కిందటే కొత్తగా వచ్చాడు. మాటకోసారి వాచీ చూసుకుంటాడని అందరూ చాటుగా గడియారం అంటారు.

“రేపు రిలీజు. అసలు అంకె రెండు చోట్ల ఎందుకు? ఒకే చోట పెట్టి, రెండు వైపులా అదే చదువుకునేట్టు చెయ్యండి. ఇద్దరూ కలిసి కూర్చోండి.”

“అలాగే సార్.”

గడియారం కదల్లేదు. వంగి, గొంతు తగ్గించాడు. “చూడు బాబూ. బిల్డ్ ఆగినప్పుడల్లా అందరి మొహాలూ మాడిపోతాయి. నీ మొహం ఒక్కటీ వెలుగుతుంది. నేనేం గుడ్డివాణ్ణి కాదు.”

“అబ్బే, అదేం లేదు సార్.”

“ఆవిడకి పెళ్ళయింది. తెలుసుగా?”

“తెలుసు సార్.”

“మొగుడెవరో గానీ అదృష్టవంతుడు. అంత పనిమంతురాలు దొరకాలిగా.”

“ఏమో సార్. ఆయన్నడిగితే తెలుస్తుంది.”

గడియారం అనుమానంగా చూసి, వాచీ చూసి, వెళ్ళిపోయాడు.

ఒకే చోట అంకె. అంటే ఇక తేడా రాదు. తేడా రాకపోతే ఆమె రాదు.

అతను మనిషి మొత్తం తిరిగి చూశాడు. ఏసీ గాలి మీద పడకుండా ఆమె ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుంది. అయినా భుజాల చుట్టూ శాలువా. ఇక్కడ ఇతనేమో పై గుండీ తీసి ఫైలుతో విసురుకుంటున్నాడు. ఆమె గురించి అతనికి తెలియనిదేముంది? డబ్బాలో బీన్స్ కూర ఉందని మూత తీయకముందే తెలుసు. తుమ్మబోయే ముందు ఎడమకన్ను మూస్తుందని తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే, తను నోరు తెరిస్తే ఆమె పలుకుతుందా, పలకదా అన్నది.

నాలుగింటికి ఆమె తన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి కూర్చుంది.

“ఏ అంకె పెడదాం?” అని స్క్రీన్‌ని అడిగింది.

“మీ ఇష్టం.”

“నా ఇష్టమే అయితే ఇంతదాకా ఎందుకొచ్చేది?”

“పదిహేడు పెడదామా?”

“మీకెప్పుడూ పెద్ద అంకే కావాలి.”

“పదకొండు పాతబడిపోయింది మరి.”

“సరే. మెషీన్‌కి కాబట్టి ఒప్పుకుంటున్నా.”

ఉమ్మడి ఫైలులో అతను పదిహేడు అని ఒక్కసారి రాశాడు. రెండు సెట్టింగుల్లో విడివిడిగా ఉన్న అంకెల్ని ఆమె తీసేసి, ఆ ఉమ్మడి అంకెకే ముడిపెట్టింది. వేళ్ళు తగలకుండా కీబోర్డు అటూ ఇటూ జరుపుకున్నారు.

“ఏడుసార్లు మీ పని చెడగొట్టాను. పొరపాటు నాదే,” అన్నాడు.

“ఏడు కాదు. మూడు.”

అతని చెయ్యి ఆగిపోయింది. “మీకెలా తెలుసు?”

“మిగతా నాలుగూ ఎవరు చేశారో తెలుసు కాబట్టి.”

శాలువా సర్దుకుని, ఎడమకన్ను మూసింది. తుమ్ము మాత్రం రాలేదు.

అతను ఎంటర్ నొక్కాడు. ఇద్దరూ స్క్రీన్ కేసి చూశారు. ఒక కంపైలర్ పదిహేడంది. రెండోదీ పదిహేడంది. స్క్రీన్ పచ్చబడింది. అవతల్నుంచి గడియారం తల ఊపి, వాచీ చూసుకున్నాడు.

“ఇక ఈ బల్ల దగ్గర నాకు పనిలేదు,” అంది ఆమె లేస్తూ.

కుర్చీ వెనక్కి బయల్దేరింది. వచ్చినప్పటికంటే చాలా నెమ్మదిగా కదులుతోంది. అతను ఆ చక్రాల చప్పుడు వింటూ కూర్చున్నాడు. ఆ కుర్చీ ఆ బల్ల చేరిందంటే, మళ్ళీ రావడానికి వంక ఒక్కటి కూడా మిగల్లేదు. వంకలన్నీ తన చేత్తోనే తుడిచేశాడు.

“ఆగు,” అన్నాడు.

కుర్చీ ఆగింది. అతను గొంతు సవరించుకున్నాడు. ఓడిపోవడం ఇంత తేలికని తెలిస్తే తొమ్మిది రోజుల కిందటే ఓడిపోయేవాడు.

“రాత్రికి ఫ్యాను మూడులోనే పెడదాంలే,” అన్నాడు భార్యతో.