ఆ నీలం ఎక్కడుంది?

"సముద్రం నీలంగా ఉంది గదా. దోసిట్లోకి తీస్తే నీళ్ళకి ఏ రంగూ లేదు. మన మెదడు కోసి చూసినా నీలమనేదే ఉండదు. మరి ఇప్పుడు మనం చూసే ఆ నీలం ఎక్కడుంది?"

ముత్తుకూరుకు తూర్పున, సరుగుడు తోపులో ఇసుక మీద కూర్చుని అడిగాడు ఆయన.

అది 1962 వేసవి. ఎక్కడినుంచో వచ్చి వారమైంది. పేరెవరూ అడగలేదు. తోపు అయ్యవారు అనేవాళ్ళు.

రోజూ పొద్దు వాలే వేళ, చుట్టూ చేరిన ఊరివాళ్ళని ఆత్మ గురించి అలాంటిదే ఏదో ఒకటి అడిగేవాడు. వింటుంటే ఒళ్ళు తేలికైనట్టుండేది. దూరాన పడవలు నీళ్ళ మీద కాక గాలిలో ఆగినట్టు కనిపించేవి.

విజయభాస్కర్‌కి మాత్రం ఒళ్ళు మండేది. కావలిలో బి.ఏ. చదువుతున్నాడు. పదార్థం తప్ప ఇంకేమీ లేదని ఊళ్ళో వాదించేవాడు.

ఆ నీలానికి జవాబు వెతికాడు. దొరకలేదు.

లేచి నిలబడ్డాడు.

"ఆత్మ సంగతి తర్వాత. తమరు పెళ్ళాన్ని వదిలేసినారంట గదా?"

కూర్చున్నవాళ్ళంతా అతనివైపు తిరిగారు.

"బుచ్చిరెడ్డిపాలెం స్నేహితుడొకడు తమర్ని గుర్తుపట్టినాడు. నిజమా, కాదా?"

అయ్యవారు అతన్ని తేరిపార చూశాడు.

"ఎవరబ్బాయివి నాయనా?"

"చెంచురామయ్య గారి కొడుకుని."

ఆయన కాసేపు అలలవైపు తిరిగాడు.

"నిజమే. వదిలేసినాను. నేను చెడ్డవాణ్ణే అనుకో. అయినా ఆ ప్రశ్న అట్నే ఉంది గదా? దానికి జవాబు చెప్పు."

ఎవరూ వినలేదు. ఆడవాళ్ళు చీరలకంటిన ఇసుక దులుపుకుని లేచారు. "ఛీ" అన్నారెవరో.

తోపు ఖాళీ అయింది. ఆయన సంచీ భుజాన వేసుకుని, ఒడ్డు వెంటే నడిచి మసక వెలుతురులో కలిసిపోయాడు.

విజయభాస్కర్ ఇంటికొచ్చి తల్లికి గొప్పగా చెప్పాడు.

"ఆ తోపు అయ్యవారు ఇంక ఈ ఊరి మొహం చూడడులేమ్మా!"

పెంచలమ్మ బియ్యం చెరుగుతోంది.

"పాపం, పేరేంది ఆయనది?"

"కామాక్షయ్యంట."

చేట ఆగిపోయింది.

"వదిలేసినానని ఆయనే చెప్పినాడా?"

"అందరి ముందరా ఒప్పుకున్నాడు."

"నువ్వెవరో తెలుసా ఆయనకి?"

"అడిగినాడు. నాయన పేరు చెప్పినా."

పెంచలమ్మ చేట కింద పెట్టింది. సముద్రం హోరు లోపలికి వినిపిస్తోంది.

"ఆ పెళ్ళాన్ని నేనేరా," అంది చివరికి. "మీ నాయన మీద మనసుపడి నేనే గడప దాటినా. పెద్దమనుషులు నన్ను నిలదీస్తే, తప్పు నాది, నేనే వెళ్ళగొట్టినానని పదిమందిలో చెప్పి, మీ నాయనతో నాకు మారుమనువు జరిపించింది ఆయనే."