పదో డబ్బా

"ఇదీ వద్దు," అన్నాడు పౌలురాజు.

షాపువాడు తల పట్టుకున్నాడు. కౌంటరు మీద అప్పటికే ఆరు డబ్బాలు మూతలు తెరుచుకుని ఉన్నాయి. అన్నీ నెమలి గుర్తు వెల్డింగ్ రాడ్లే. మన దేశంలో తయారైనవే, బాగా పేరున్నవే.

"అంకుల్‌జీ, చైనా మాల్ వద్దన్నారు, ఠీక్ హై. దేశీ మాల్ ఇస్తే అదీ వద్దంటున్నారు. వీటితో రాకెట్ తయారు చేస్తారా ఏంటి?"

"మెట్లు," అన్నాడు పౌలురాజు.

నిజంగా మెట్లే. దేశ రాజధానిలో, బేర్ సరాయ్ పేటలో కూతురు అక్సా కాపురం రెండో అంతస్తులో. పైకి పోవాలంటే బయటి గోడకు బిగించిన ఇనుప మెట్లు తప్ప వేరే దారి లేదు. పోయిన ఆదివారం అక్సా చర్చికని దిగుతుంటే ఓ మెట్టు అతుకు ఊడి, కాలి కింద నుంచి జారిపోయింది. రెయిలింగ్ చేతికందింది కాబట్టి సరిపోయింది. అక్సాకిప్పుడు ఎనిమిదో నెల. ఆ రోజు నుంచి తల్లి దగ్గరే ఉంటోంది.

ఆ మెట్లు పాతవి కూడా కావు, వేసి ఏడాది తిరగలేదు. ఊడిన ముక్కను పౌలురాజు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అతుకు లోపలంతా సన్నటి బెజ్జాలు, తేనెపట్టులా. ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

మెట్లు అతికిన లక్ష్మీపతి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నా చేతిలో లోపం లేదండి, రాడ్లే ముంచాయి. ఈసారి మీరే చూసి తెచ్చివ్వండి. మెట్లన్నీ మళ్లీ మొదట్నుంచి అతుకుతాను," అన్నాడు.

అందుకే ఈ జూన్ ఎండలో అల్లుడు లెవిని వెంటబెట్టుకుని తిరగాల్సి వచ్చింది. పొద్దుట్నుంచి ఇది నాలుగో షాపు. మోకాళ్లు పీకుతున్నాయి. ఎవరైనా కాస్త చోటిస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయేలా ఉన్నాడు.

ఏడో డబ్బాలోంచి ఒక రాడ్డు తీసి కౌంటరు అద్దం మీద దొర్లించాడు. అది తిన్నగా పోకుండా ఎగుడుదిగుడుగా దొర్లింది.

"పూత ఒకపక్క మందం, ఒకపక్క పలచన. ఇది ఒంటివైపే కాలుద్ది," అన్నాడు.

ఎనిమిదోదాని మీద అచ్చేసిన అంకెల్ని తడివేలితో రుద్దాడు. అంకెలు వేలికొచ్చేశాయి. తొమ్మిదో డబ్బాను తెరవనే లేదు. మూత వంక ఒకసారి చూసి పక్కకు నెట్టేశాడు.

"మామయ్యగారూ, తెరవకుండానే ఎలా చెప్తున్నారు?" అన్నాడు లెవి. అతను ద్వారక వైపు ఓ ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాడు. మైక్రోస్కోపు లేనిదే ఏదీ నమ్మడు.

"జిగురు చూడు బాబూ, పక్కలకి కారింది. కంపెనీలో మిషను మీద అంటిస్తారు. ఇలా కారదు."

లెవి షాపువాడి వైపు గర్వంగా తిరిగాడు. "మా మామయ్యగారు ఫ్యాక్టరీలో పనిచేస్తారు భయ్యా. ఆయన్ని నువ్వు ఏమార్చలేవు."

షాపువాడి వెటకారం మాయమైంది. లోపలికి వెళ్లి, మేకుల బస్తాల వెనక నుంచి ఇంకో డబ్బా తెచ్చాడు.

"ఇది నేరుగా కంపెనీ ఏజెంటు ఇచ్చింది. ఓ పెద్ద కాంట్రాక్టరు కోసం దాచాను. మీ ముందు నాటకాలెందుకు, తీసుకోండి."

పౌలురాజు దొర్లించాడు. తిన్నగా దొర్లింది. విల్లులా వంచాడు. పూత పెచ్చు లేవలేదు. రుద్దాడు. అంకె చెరగలేదు. అయినా మనసొప్పలేదు. పక్కనున్న వెల్డింగ్ షాపులోకి తీసుకెళ్లి, రెండు ఇనుప ముక్కల్ని ఆ రాడ్డుతో అతికించమని బతిమాలాడు. రాడ్డు ఒకే తీరుగా చిటపటలాడుతూ కాలింది. అతుకు మీద గట్టిపడిన చిట్టెం ఒక్క దెబ్బకే తొక్కలా ఊడొచ్చింది. చల్లారాక సుత్తితో నాలుగు దెబ్బలు వేయించాడు. ముక్క వంగింది గానీ అతుకు విడలేదు.

ఆ అతుకు మీద వేలితో నిమిరాడు. ఇంత నున్నటి అతుకు చూసి ఎన్నేళ్లయిందో. సంతోషించాల్సింది పోయి, అతని గుండె ఇంకా బరువెక్కింది.

"ఇదే," అన్నాడు.

రోడ్డు మీదకు రాగానే లెవి రుసరుసలాడాడు. "ఈ దొంగ సరుకు చేసేవాళ్లని ఊరికే వదలకూడదు మామయ్యగారూ. కంప్లైంట్ ఇద్దాం. ఆ రోజు అక్సా పడిపోయుంటే?"

"పడిపోయుంటే..." అని పౌలురాజు ఆగిపోయాడు. తర్వాత డబ్బాను అల్లుడి చేతిలో పెట్టాడు.

"లక్ష్మీపతికి ఇచ్చి నువ్వు అక్కడే ఉండు బాబూ. ఇవి తప్ప వేరే రాడ్డు వాడనీకు. రేపు పొద్దున నేనొచ్చి ప్రతి మెట్టూ తొక్కి చూసేదాకా అమ్మాయిని ఎక్కనివ్వొద్దు."

"మీరు రారా?"

"రెండింటికి డ్యూటీ. నాగా పెడితే ఊరుకోరు."

బస్సు కిటకిటలాడుతోంది. పౌలురాజు ఫుట్‌బోర్డు మీద ఒంటికాలు మోపి వేలాడుతూ వెళ్లాడు.

రెండు దాటిన పది నిమిషాలకు, ఊరి చివర బోర్డు లేని ఓ రేకుల షెడ్డులో, అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పొద్దున ఆ తొమ్మిది డబ్బాల్లో తాను వద్దన్నవాటిలాంటి దొంగ రాడ్లకే, పదకొండేళ్లుగా చేస్తున్నట్టు, తన చేత్తో పూత పూయడం మొదలుపెట్టాడు.